లక్షల కుక్కపిల్ల: అరుదైన జాతిని మోసపోకుండా కొని, మన ఎండల్లో బతికించుకోవడం ఎలా

టిబెటన్ మాస్టిఫ్ ఆడకుక్క సాధారణంగా ఏడాదికి ఒక్కసారే ఎదకు వస్తుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్లల తల పెద్దది, తల్లి కటి సన్నం, అందుకే ఎక్కువ ఈతలు సిజేరియన్‌తోనే జరుగుతాయి. విదేశీ కుక్కల దిగుమతి మీద కేంద్రం 2016లో ఆంక్షలు పెట్టింది. అరుదైన జాతి ధర లక్షల్లోకి పోవడానికి ఇవి న్యాయమైన కారణాలు. అన్యాయమైన కారణం ఒక్కటే, మోజు. 2014లో చైనాలోని జెజియాంగ్‌లో ఒక టిబెటన్ మాస్టిఫ్ పిల్ల 1.2 కోట్ల యువాన్లకు అమ్ముడైందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. కొద్దికాలానికే గిరాకీ కుప్పకూలింది. మేపలేక వదిలేసిన మాస్టిఫ్‌లు టిబెట్ పీఠభూమి ఊళ్లలో వీధికుక్కలయ్యాయి.

కాబట్టి ధర చూసి జాతిని అంచనా వేయొద్దు. లక్ష ఇచ్చినా మూడు లక్షలు ఇచ్చినా మీరు కొంటున్నది ఆ పిల్ల తల్లిదండ్రుల గురించిన రుజువులను: ఎవరికి పుట్టింది, వాటి తుంటి ఎముకలు ఎలా ఉన్నాయి, ఊపిరి ఎలా తీస్తాయి, ఏ జన్యుదోషం మోస్తున్నాయి. ఈ రుజువులు లేకపోతే అది అందమైన పిల్లే కావచ్చు, కానీ లక్షల పిల్ల కాదు. కింద చెప్పిన అడుగులన్నీ ఆ రుజువులు రాబట్టడానికీ, తర్వాత పిల్లను కాపాడుకోవడానికీ.

1. జాతి కంటే ముందు ఇంటి వేడి

కుక్క ఒంట్లో వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ తడిని ఆవిరి చేసుకునే చల్లబడుతుంది. ఇక్కడే మన ప్రాంతాల మధ్య తేడా వస్తుంది. రామగుండంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రొప్పితే తడి ఆవిరవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉక్కపోత వల్ల 35 డిగ్రీలకే రొప్పు సరిగా పనిచేయదు. కోస్తాలో ఉన్నవాళ్లు ఉష్ణోగ్రత ఒక్కటే చూసుకుని ధైర్యపడకూడదు. డెజర్ట్ కూలర్ కూడా ఇదే కారణంతో అక్కడ దండగ, ఉన్న తేమకు ఇంకొంత తేమ కలుపుతుంది.

సమోయెడ్, అలాస్కన్ మాలమ్యూట్, అకిటా, టిబెటన్ మాస్టిఫ్ లాంటి రెండు పొరల బొచ్చు జాతులకూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకూ వేసవిలో ఏసీ సౌకర్యం కాదు, అవసరం. లెక్క వేసుకోండి. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుందనుకున్నా, రోజుకు 10 గంటలు, మార్చి నుంచి మే దాకా సుమారు 90 రోజులు, మొత్తం 900 యూనిట్లు. అది ఇంటి వాడకం మీద అదనం కాబట్టి పై స్లాబు రేటులో పడుతుంది. కరెంటు పోతే మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఆ ఏసీ నడవదు. అపార్టుమెంటులో జనరేటర్ ఉన్నా, అది మీ ఫ్లాటులో ఏసీ పాయింటుకు వస్తుందో లిఫ్టుకూ లైట్లకూ మాత్రమే వస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయే ఇంట్లో చప్పిడి ముక్కు కుక్కను వదిలేసి, మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోండి.

వేడి దేశాల్లో పుట్టిన అరుదైన జాతులూ ఉన్నాయి. మధ్య ఆఫ్రికాలో పుట్టిన బసెంజి, సాహెల్ ఎడారి అంచున పుట్టిన అజవాఖ్, పశ్చిమాసియా నుంచి వచ్చిన సలూకి, దక్షిణాఫ్రికా ప్రాంతపు రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్. ఇవి ఎండను చాలా మెరుగ్గా తట్టుకుంటాయి. కానీ మన దగ్గర అడిగేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు ఇంకా తక్కువ.

2. చట్టం ఏమంటోంది

కుక్కల పెంపకం, అమ్మకాలకు కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మే ముందు మైక్రోచిప్ వేయించాలి. 18 నెలలు నిండని, లేదా 8 ఏళ్లు దాటిన ఆడకుక్కను ఈనించకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు, జీవితంలో ఐదుకు మించకూడదు. బ్రీడర్‌ను మొదట అడగాల్సింది ఆ నమోదు పత్రమే. ‘అదంతా ఎవరు చేస్తారండీ’ అన్న జవాబు వస్తే, మిగతా కాగితాల సంగతీ అంతేననుకోండి.

‘ఇంపోర్ట్ పిల్ల’ అన్న మాట దగ్గర ఆగండి. 2016 ఏప్రిల్ నోటిఫికేషన్ వ్యాపారానికీ బ్రీడింగ్‌కీ దిగుమతిని అడ్డుకుంది. సొంత పెంపుడు కుక్క, పోలీసు, రక్షణ, పరిశోధన అవసరాలకు మాత్రం వెసులుబాటు ఇచ్చింది. అది కోర్టు మెట్లు కూడా ఎక్కింది కాబట్టి, తాజా పరిస్థితిని శంషాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న జంతు క్వారంటైన్ కేంద్రంలో అడగడం మేలు. ఏదేమైనా నిజంగా దిగుమతైన కుక్కకు క్వారంటైన్ కేంద్రం ఇచ్చిన అనుమతి పత్రం, విమానపు సరుకు బిల్లు, ఆ దేశపు కెన్నెల్ క్లబ్ ఇచ్చిన వంశావళి పత్రం (ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ) ఉంటాయి. మూడూ చూపించలేనివాడు ‘ఇంపోర్ట్ లైన్’ అని మాట మారుస్తాడు. తాతో ముత్తాతో ఎప్పుడో విదేశం నుంచి వచ్చిందని దానర్థం, అంతకు మించి ఏమీ లేదు.

అమెరికా నుంచి తిరిగొస్తూ పెంచుకున్న కుక్కను తెచ్చుకునే తెలుగువాళ్లకు దారి వేరు. నివాసం మార్చుకుంటున్నట్టు రుజువు, మీ పేరు మీదున్న టీకా పుస్తకం, చిప్ నంబరు, ప్రయాణానికి కనీసం నెల ముందు వేయించిన రేబిస్ టీకా, ప్రభుత్వ ముద్ర ఉన్న ఆరోగ్య పత్రం సిద్ధం చేసుకుని, విమానం ఎక్కక ముందే క్వారంటైన్ కేంద్రం అనుమతి తీసుకోవాలి. కుక్కలు దేశంలో దిగగల విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఒకటి.

మరొకటి. 2024 మార్చి 12న కేంద్రం 23 రకాల ‘క్రూర జాతుల’ మీద నిషేధం కోరుతూ రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో రాట్‌వీలర్, కేన్ కోర్సో, అకిటా, కాకేసియన్ షెపర్డ్, మాస్టిఫ్‌లు ఉన్నాయి. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది. సంప్రదింపులు జరిపి కొత్తది తెచ్చుకోవచ్చని కూడా చెప్పింది. అందుకే ఈ జాతుల్లో ఏదైనా తెచ్చుకునే ముందు మీ కార్పొరేషన్‌లో లైసెన్సు ఇస్తారో లేదో కనుక్కోండి.

3. ఏది ఏ పేరుతో అమ్ముడవుతోంది

మన మార్కెట్లో జరిగే మోసాల్లో ఎక్కువ భాగం పేరు మార్చడమే, ఒక జాతి పిల్లను ఇంకో జాతి పేరుతో అమ్మడం. రెండు నెలల వయసులో బొచ్చు పిల్లలన్నీ ఎలుగుబంటి పిల్లల్లాగే ఉంటాయి.

టిబెటన్ మాస్టిఫ్ పేరుతో హిమాలయన్ షీప్‌డాగ్, భూటియా, చౌ చౌ కలగలుపు పిల్లలు వస్తుంటాయి. చౌ నాలుక పుట్టినప్పుడు గులాబీ రంగులో ఉండి, రెండు నెలలు నిండేసరికి నీలినలుపుకు తిరుగుతుంది. మాస్టిఫ్ అని చూపించిన పిల్ల నాలుక నిండా నీలం ఉంటే దండం పెట్టి లేచి రండి. ఒకటి రెండు నల్ల మచ్చలు మాత్రం చాలా జాతుల్లో ఉంటాయి, దాన్ని పట్టుకుని గొడవపడొద్దు. పెద్దయ్యాక మగది భుజం దగ్గర కనీసం 66 సెంటీమీటర్లు, ఆడది 61 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. పిల్లను కాదు, తల్లిని టేపుతో కొలవండి. ‘లయన్ హెడ్’, ‘టైగర్ హెడ్’ అన్నవి అమ్మకపు మాటలు, కాగితం మీద అలాంటి జాతులు లేవు.

మాలమ్యూట్ పేరుతో బొచ్చు ఎక్కువున్న హస్కీని అంటగడతారు. మాలమ్యూట్‌కు నీలి కళ్లు ఉండవు. ఉంటే ప్రమాణం ప్రకారమే అనర్హం. సమోయెడ్ పేరుతో ఇండియన్ స్పిట్జ్ పిల్ల కనిపిస్తుంది. 8 వారాల సమోయెడ్ నాలుగైదు కిలోలకు తగ్గదు, స్పిట్జ్ అందులో సగం కూడా ఉండదు. తూకం మిషన్ వెంట తీసుకెళ్లడానికి సిగ్గుపడొద్దు. అకిటాలో రెండు రకాలున్నాయి. జపనీస్ అకిటా ఎరుపు, సెసమి (కొసలు నల్లగా ఉన్న ఎరుపు), చారలు, తెలుపు రంగుల్లోనే ఉంటుంది, ముఖం మీద నల్ల మాస్క్ ఉండకూడదు. ముఖం నల్లగా, ఒళ్లు బరువుగా ఉన్నది అమెరికన్ అకిటా. యజమాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన జపాన్ అకిటా హచికో పేరు చెప్పి అమెరికన్ రకాన్ని అమ్మడం రివాజైపోయింది.

ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో మోసం రంగుతో జరుగుతుంది. మెర్ల్ (మచ్చలు మచ్చల రంగు), బ్లూ, లైలాక్ అని ‘అరుదైన రంగు’కు రెట్టింపు అడుగుతారు. జాతి ప్రమాణం వీటిని ఒప్పుకోదు, అంటే ఎక్కువ డబ్బు ఇచ్చి ప్రదర్శనకు పనికిరాని కుక్కను తెచ్చుకుంటున్నట్టు. అంతకన్నా ముఖ్యం ఆరోగ్యం. రెండు మెర్ల్ కుక్కలను జతకడితే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు డబుల్ మెర్ల్ (ఆ జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినది) అయ్యే అవకాశం ఉంటుంది, అలాంటివి తరచూ చెవుడుతోనో చూపు లోపంతోనో పుడతాయి. బ్లూ రంగు తెచ్చే జన్యువు వల్ల కొన్నిటికి ఏడాది రెండేళ్లకు వీపు మీద బొచ్చు రాలి చర్మం పుండ్లు పడుతుంది. ‘టీకప్’, ‘మైక్రో’ అన్న మాటలకూ ఇదే హెచ్చరిక.

4. బ్రీడర్ ఇంటికి

తల్లిని చూడకుండా పిల్లను కొనొద్దు. తల్లి పొదుగు సాగి, పాలిచ్చిన గుర్తులు కనిపించాలి, పిల్లలు దాని వెంట పడాలి. ‘తల్లి ఊళ్లో ఫామ్‌లో ఉంది’ అంటే మీరు మాట్లాడుతున్నది దళారితో. తండ్రి వేరే ఊళ్లో ఉండటం మామూలే. దాని కాగితాలూ పరీక్షల నకళ్లూ చాలు.

వెళ్లాక చూడాల్సినవి: పిల్లలున్న చోట వాసన, మలం గట్టిగా ఉందా పలచగా ఉందా, తల్లి మనుషులను చూసి ఎలా ఉంటుంది. తల్లి భయస్తురాలైతే పిల్లలు నేర్చుకునేదీ అదే. ఆరేడు జాతులు ఒకే చోట అమ్ముతుంటే అక్కడ ఏ జాతి గురించీ లోతుగా తెలిసినవాళ్లు ఉండరు.

దూరం వల్ల వెళ్లలేకపోతే వీడియో కాల్ అడగండి, పంపించిన వీడియో కాదు. కాల్‌లోనే కాగితం మీద ఆనాటి తేదీ, మీ పేరు రాసి పిల్ల పక్కన పెట్టమనండి. తర్వాత స్కానర్‌తో చిప్ చదివి నంబరు చూపించమనండి. ముందు కొంత అడ్వాన్సు, తర్వాత ‘రీఫండ్ అయ్యే ఇన్సూరెన్స్’, ఆ తర్వాత ‘ఎయిర్‌పోర్ట్ క్వారంటైన్ ఫీజు’ అంటూ విడతలుగా అడిగితే అసలు అక్కడ కుక్కే లేదు.

5. కాగితాలు, చిప్

మన దేశంలో చెల్లుబాటయ్యే పెడిగ్రీ పత్రం చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాది. అందరూ కేసీఐ పేపర్లు అనేది దాన్నే. పత్రంలో జాతి, రంగు, లింగం, పుట్టిన తేదీ, చిప్ నంబరు, తల్లిదండ్రుల పేర్లు, నమోదు నంబర్లు, పెద్దల తరాలు ఉంటాయి. మూడు చోట్ల చూపు ఆపండి.

ఒకటి, పత్రం మీది రంగు, లింగం ఎదురుగా ఉన్న పిల్లతో సరిపోవాలి. ఒక పిల్ల చనిపోతే దాని కాగితం మరో పిల్లకు తగిలించడం తెలిసిన విద్యే.

రెండు, పెడిగ్రీలో ఒకే పేరు తండ్రి వైపూ తల్లి వైపూ దగ్గరి తరాల్లో కనిపిస్తే అది ఇన్‌బ్రీడింగ్, అంటే రక్తసంబంధం ఉన్న కుక్కలను జతకట్టడం. అరుదైన జాతుల్లో కుక్కలే తక్కువ కాబట్టి ఇది తరచూ ఎదురవుతుంది. తాతల తరంలోనే పేరు తిరిగి వస్తే వదులుకోండి.

మూడు, చిప్. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక రెండు భుజాల ఎముకల మధ్య చర్మం కింద వేస్తారు. నంబరులో 15 అంకెలుంటాయి. మొదటి మూడూ దేశపు కోడ్ అయినా కావచ్చు, చిప్ తయారుచేసిన కంపెనీ కోడ్ అయినా కావచ్చు. 9తో మొదలైతే అది కంపెనీది. ‘985 నంబరు సార్, ఫారిన్ డాగ్’ అన్న మాటకు విలువ లేదు, ఆ చిప్‌ను ఇక్కడ కొని ఇక్కడే వేయొచ్చు. స్కానర్‌తో మీరే చదివి పత్రం మీది నంబరుతో అంకె అంకె సరిచూసుకోండి. చిప్ జరిగే అవకాశం ఉంది కాబట్టి దొరక్కపోతే భుజం, ముందుకాలు దాకా స్కాన్ చేయండి.

‘కాగితాలు ఆరు నెలల్లో వస్తాయి’ అన్నప్పుడు ఈత నమోదుకు దరఖాస్తు చేసిన రసీదు నకలు అడగండి. ఓనర్‌షిప్ మార్పిడి కాగితం మీద బ్రీడర్ సంతకం డబ్బు చేతులు మారే రోజే పడాలి. తర్వాత ఫోన్ ఎత్తరు.

ఇంకో మాట. పెడిగ్రీ పత్రం పుట్టుకకు రుజువే గానీ ఆరోగ్యానికి కాదు. ఛాంపియన్ పిల్లకూ తుంటి అరిగిపోవచ్చు.

6. తల్లిదండ్రుల పరీక్షలు, పిల్ల పరీక్ష

పెద్ద జాతులన్నిటికీ తుంటి ఎక్స్‌రే అడగండి. అంతర్జాతీయ పద్ధతిలో ఏ నుంచి ఈ దాకా గ్రేడులుంటాయి. ఏ, బీ తల్లిదండ్రులకు పుట్టినదాన్నే తీసుకోండి. ఏడాది నిండకముందు తీసిన ఎక్స్‌రేతో గ్రేడు ఇవ్వరు, భారీ జాతులకు ఏడాదిన్నర కావాలి. ఆ ఫిల్మ్ మీద కుక్క పేరో చిప్ నంబరో ముద్రపడి ఉండాలి.

ఫ్రెంచ్ బుల్‌డాగ్ తల్లిదండ్రులను మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, వెంటనే గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టించి వినమనండి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం రూపొందించిన శ్వాస గ్రేడింగ్‌కు ఇదే ఆధారం. 0 నుంచి 3 దాకా గ్రేడులు, 2, 3 వచ్చినవాటి పిల్లలు వద్దు. పిల్లలో అయితే ముక్కు రంధ్రాలు చూడండి. గుండ్రంగా తెరుచుకుని ఉండాలి, కామాలా సన్నగా నొక్కుకుపోయి ఉంటే రేపు ఆపరేషన్ ఖర్చు మీదే. వెన్నుపూసల ఎక్స్‌రే కూడా ఈ జాతికి అవసరం.

సమోయెడ్‌లో వంశపారంపర్య కిడ్నీ జబ్బుకూ, కంటి రెటీనా జబ్బుకూ డీఎన్ఏ పరీక్షలున్నాయి. టిబెటన్ మాస్టిఫ్‌లో నరాల తొడుగు దెబ్బతినే జబ్బు ఉంది, రెండు నెలల వయసు చుట్టుపక్కల వెనక కాళ్లు తేలిపోతాయి. ఈ మాస్టిఫ్ జబ్బు లాంటి చాలా జబ్బుల్లో దోషం మోసే రెండు కుక్కలు కలిస్తేనే ప్రతి పిల్లకూ 25 శాతం ప్రమాదం. ఒకటి మోసేదైనా రెండోది శుభ్రంగా ఉంటే పిల్లకు జబ్బు రాదు. కానీ సమోయెడ్ కిడ్నీ జబ్బు, రెటీనా జబ్బు ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తాయి, తండ్రి శుభ్రంగా ఉన్నా దోషం మోసే తల్లికి పుట్టిన ప్రతి మగపిల్లకూ 50 శాతం ప్రమాదం. అందుకే తల్లిదండ్రులిద్దరి పరీక్షలూ చూడండి.

పిల్లను మీ డాక్టరు చేత చూపించండి, బ్రీడర్ డాక్టరు చేత కాదు. గుండెలో మర్మర్ శబ్దం, అంగిలి చీలిక, బొడ్డు దగ్గర హెర్నియా, పళ్ల కలయిక, మగపిల్లకు రెండు వృషణాలు దిగాయా, చిగుళ్ల రంగు, మలంలో నులిపురుగులు. కుక్కపిల్లల పేగులను దెబ్బతీసి ప్రాణం తీసే పార్వో వైరస్‌కు కిట్ పరీక్ష పది నిమిషాల పని, తప్పకుండా చేయించండి.

7. డబ్బు, రాతకోతలు

బ్యాంకు ద్వారానే చెల్లించండి. తెల్లకాగితం మీదైనా సరే రాయించుకోవాల్సినవి: చిప్ నంబరు, పుట్టిన తేదీ, వేసిన టీకాల బ్యాచ్ నంబర్లు, కాగితాలు ఇచ్చే గడువు, ఆరోగ్య హామీ. బ్రీడర్లు సాధారణంగా రెండు రోజుల హామీతో సరిపెడతారు. అది చాలదు. పార్వో సోకాక లక్షణాలు బయటపడటానికి 3 నుంచి 7 రోజులు, కొన్నిసార్లు 14 రోజులు పడుతుంది. కాబట్టి 14 రోజులు అడగండి. ఒప్పుకోకపోతే ధర తగ్గించమని కాదు, పిల్లను తీసుకోకుండా రావడమే లాభం.

8. ప్రయాణం, మొదటి రెండు వారాలు

కారులో అయితే రాత్రి, ఏసీతో. బయల్దేరే రెండు గంటల ముందు కొంచెం తిండి పెట్టి ఆపండి. దారిలో ధాబా దగ్గర నేల మీద దించొద్దు, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మూత్రానికి పాత పేపర్లు వెంట ఉంచుకోండి. చప్పిడి ముక్కు జాతులను చాలా విమాన సంస్థలు కార్గోలో తీసుకోవు. రైల్లో పెద్ద కుక్కను ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకునో, గార్డు పెట్టెలోని కుక్కల గూట్లోనో తేవాలి. ఎండాకాలం ఆ గూటి జోలికి పోవద్దు.

ఇంటికొచ్చాక వారం పది రోజులు బ్రీడర్ పెట్టిన తిండే పెట్టండి. మార్చాలంటే కొత్తది పావు వంతుతో మొదలుపెట్టి రెండు రోజులకోసారి పెంచుతూ పోవాలి. మూడు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు.

టీకాలు ఆరెనిమిది వారాలకు మొదలై, 3-4 వారాల తేడాతో 16 వారాల వయసు దాకా సాగాలి. ఎందుకింత సాగదీస్తారంటే, తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్లలో ఉన్నంతకాలం టీకా పనిచేయదు, ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ తేడా. ‘రెండు డోసులు అయిపోయాయి, ఇక చాలు’ అన్నచోటే ఎక్కువ పిల్లలు పోతున్నాయి. రేబిస్ మూడు నెలలు నిండాక. చివరి డోసు అయిన రెండు వారాల దాకా పార్కు, వీధి బంద్. కానీ ఎత్తుకుని బాల్కనీలోంచి ట్రాఫిక్, కుక్కర్ కూతలు, గొడుగులు, రకరకాల మనుషులను చూపించండి. 16 వారాలు దాటాక కొత్తవాటికి తేలిగ్గా అలవాటుపడే ఆ వయసు దాటిపోతుంది.

ఇంట్లో అంతకుముందు కుక్క పార్వోతో పోయి ఉంటే ఫినాయిల్‌తో కడిగి నమ్ముకోవద్దు, ఆ వైరస్ దానికి లొంగదు. బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు 30 పాళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి.

9. కాల్షియం సిరప్ వద్దు

షాపులో కుక్కపిల్లతో పాటు కాల్షియం సీసా అంటగట్టడం ఆచారమైంది. టిబెటన్ మాస్టిఫ్, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతులకు అది హాని చేస్తుంది. ఆరు నెలల లోపు పిల్ల పేగు, అందిన కాల్షియంలో అవసరానికి మించినదాన్ని ఆపలేదు, లోపలికి లాగేసుకుంటుంది. దాంతో ఎముకల చివర మృదులాస్థి సరిగ్గా గట్టిపడక కాళ్లు వంకర పోతాయి, కీళ్లు వాస్తాయి. కాళ్లు వంకరయ్యాయని చూసి ఇంకో సీసా కొనేవాళ్లే ఎక్కువ. ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ అని రాసి ఉన్న తిండిలో కావలసినంత కాల్షియం ఉంటుంది. దాని మీద ఏదీ కలపొద్దు, లావెక్కించొద్దు. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి తెలిసేలా ఉండటమే సరైన ఒళ్లు. ఏడాది నిండేదాకా మెట్లు ఎక్కించి దించడం, బండి పక్కన పరిగెత్తించడం మానండి.

10. పిడుదులు, ప్రాణం తీసే మందు

మన దగ్గర ఖరీదైన కుక్కలను పొట్టనబెట్టుకునేది ఎండ తర్వాత పిడుదు జ్వరమే. ఎర్లికియా, బబీసియా అన్న సూక్ష్మక్రిములను పిడుదు కాటుతో ఎక్కిస్తుంది. తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం కాఫీ రంగులో రావడం, ముక్కు నుంచి రక్తం. ఇందులో ఏది కనిపించినా ఆ రోజే రక్త పరీక్ష. నెలకోసారి, లేదా 12 వారాలకోసారి ఇచ్చే పిడుదుల మాత్రను ఏడాది పొడవునా ఆపకుండా వేయండి. మూర్ఛలొచ్చే కుక్కయితే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఐవర్‌మెక్టిన్. గజ్జికీ పిడుదులకూ చవకగా వేసే ఇంజెక్షన్. రఫ్ కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకు మందును మెదడులోకి పోకుండా ఆపే జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఆ ఇంజెక్షన్ పడితే తూలి పడిపోయి, చూపు పోయి, కోమాలోకి వెళ్తాయి. విరేచనాలకు మనం వేసుకునే లోపరమైడ్ కూడా వీటికి అంతే. టీకా పుస్తకం మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాసి ఉంచండి. మనుషుల పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ ఏ జాతికీ సొంతంగా ఇవ్వొద్దు.

11. వేసవి దినచర్య

నడక పొద్దున ఆరు లోపు, రాత్రి తొమ్మిది తర్వాత. తారు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించండి, నిలవలేకపోతే కుక్క పాదాలూ నిలవవు. చప్పిడి ముక్కువాటికి మెడపట్టీ కాదు, ఛాతీకి వేసే హార్నెస్.

బొచ్చు గొరిగించొద్దు. రెండు పొరల బొచ్చులో పైపొర ఎండను అడ్డుకుంటుంది. గొరిగితే చర్మం కాలుతుంది, తిరిగి రావడం కూడా అతుకులు అతుకులుగా వస్తుంది. తీయాల్సింది లోపలి ఉన్ని, అండర్‌కోట్ రేక్‌తో వారానికి రెండుసార్లు దువ్వండి. స్నానం తర్వాత బ్లోవర్‌తో చర్మం దాకా ఆరబెట్టాలి, లోపల తడి మిగిలితే రెండు రోజుల్లో చీము పుండు.

వడదెబ్బ గుర్తులు: ఆగని రొప్పు, చిక్కటి చొంగ, ఇటుక రంగు చిగుళ్లు, తూలడం. మలద్వారంలో థర్మామీటర్ 40.5 దాటి చూపిస్తే ఆసుపత్రికి బయల్దేరే ముందే చల్లబరచడం మొదలుపెట్టాలి. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య కుళాయి నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టండి. తడి గుడ్డ కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. 39.4కు రాగానే నీళ్లు ఆపి, ఏసీ కారులో డాక్టరు దగ్గరికి. కుక్క లేచి తోక ఊపినా వెళ్లాల్సిందే, కిడ్నీ, రక్తం గడ్డకట్టడం దెబ్బతిన్నట్టు ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

12. ‘ఒక ఈతతో పెట్టుబడి తిరిగొస్తుంది’

అమ్మేవాడు చెప్పే చివరి మాట ఇదే. లెక్క ఇలా ఉంటుంది. ఆడపిల్ల 18 నెలలు నిండేదాకా ఆగాలి. తర్వాత మీకూ నమోదు కావాలి. తుంటి, జన్యు పరీక్షలు, ఎద సరైన రోజు తెలియడానికి రెండు మూడు రోజులకోసారి ప్రొజెస్టరాన్ పరీక్ష, మగకుక్క ఫీజు. ఫ్రెంచ్ బుల్‌డాగ్ అయితే కృత్రిమ గర్భధారణ, సిజేరియన్. చప్పిడి ముక్కు తల్లికి మత్తు ఇవ్వడమే ఒక గండం. తర్వాత మూడు వారాలు రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి పిల్లలకు పాలు పట్టించాలి, తల్లి వాటి మీద పడుకోకుండా చూడాలి. టిబెటన్ మాస్టిఫ్ ఒక ఎద తప్పితే మళ్లీ ఏడాది. ఇవన్నీ తెలిసి, చేతిలో అనుభవజ్ఞుడైన డాక్టరు ఉండి చేస్తే సరే. పెట్టుబడి రాబట్టుకోవడానికి మాత్రం ఎఫ్‌డీ మేలు.

13. నిజంగా అరుదైనదే కావాలంటే

కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాచిన జొనంగి మనదే. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, వంపు తిరిగిన తోక, మామూలు మొరుగుడు కాకుండా పాడినట్టు సాగే గొంతు. ఎండ దానికి లెక్కలోనిది కాదు. చేపల, రొయ్యల చెరువులు వచ్చి బాతుల పెంపకం తగ్గడంతో దాని పని పోయింది, సంఖ్యా పోయింది. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో ముధోల్ హౌండ్‌కు ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది, పిల్లలను అక్కడి నుంచి తీసుకోవచ్చు. ముధోల్ ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు అది వేటకుక్క జాతి అని చెప్పాలి, కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటుంది. తమిళనాడు రాజపాళయం తెల్లగా ఉంటుంది కాబట్టి చెవుడు చూసుకోవాలి. చప్పట్లు కొడితే గాలి కదలికకు తిరుగుతుంది, అది పరీక్ష కాదు. నిద్రపోతున్నప్పుడు పక్క గదిలోంచి గిన్నె మీద కొట్టి చూడండి.

జొనంగికి పెడిగ్రీ కాగితాలు దొరకడం కష్టం. కొన్న రోజే మీ డబ్బుతో చిప్ వేయించి, తల్లితోనూ తండ్రితోనూ పిల్లను ఫోటో తీసి, ఊరు, తేదీ, పెంచినవాళ్ల వివరాలు ఆ నంబరు పక్కన రాసి పెట్టుకోండి.